చూచుట యను విద్య

మా మిత్రు డొకడు ఇటీవల ఇటలీదేశమునకు పోయి వచ్చెను. అతని కుమారుడు ఆ ప్రాంతమున ఉద్యోగము చేయుచున్నాడు. తిరిగివచ్చిన వారమునకు ఒక సాయంకాలము మాయింటి యరుగుపై కూర్చుండి అతడు ఫ్లారెన్సు నగరమునుగూర్చి చీకటిపడువఱకు మాటలాడెను. ఉఫీజీ చిత్రశాల వాకిట ఎండలో వరుసకట్టి నిలిచిన సంగతి చెప్పెను. బొటిచెల్లి వ్రాసిన వసంతచిత్రము నెదుట తన భార్య మాటలేక నిలిచిపోయిన సంగతి చెప్పెను. మనుష్యజన్మ మెత్తినవాడు ఒక్కసారియైన చూడవలసిన చోటని ముగించెను. మేము సంతోషముతో వింటిమి. పిమ్మట, "చందవరము చూచితివా?" అని అడిగితిమి. అతడు ముండ్లమూరున పుట్టి పెరిగినవాడు. చందవరము ఇచ్చటికి ఒక పూట ప్రయాణము. అతడు మామొగము వంక చూచి, "అచ్చట చూచుట కే మున్నది?" అనెను.

మేము నవ్వలేదు. నవ్వుటకు మాకు అధికారము లేదు. నలువదేండ్లు వచ్చువఱకు మేమును చందవరము చూచినవారము కాము. రస్కిను 1875 మొదలు 1877 వఱకు భాగములుగ ప్రకటించిన 'మార్నింగ్స్ ఇన్ ఫ్లారెన్సు' అను గ్రంథము చదివి, ఏ దేవాలయమున ఏ గోడను ఏ వేళ వెలుతురులో చూడవలయునో ఇంట కూర్చుండియే నేర్చియుంటిమి. నాట్యశాస్త్రమున భరతుడు ప్రేక్షకునకు చెప్పిన లక్షణములను పరీక్షకొఱకు వల్లించియుంటిమి. ఇట్లు చూచుటనుగూర్చి రెండు భాషలలో చదివితిమి గాని, గుండ్లకమ్మ గట్టున నున్నదానిని కన్నులతో చూడలేదు. కావున ఈ వ్యాసమున మేము చేయబోవు విమర్శ మొదట మాకే తగులును. తరువాత మావంటి చదువరులకు తగులును.

తెలుగునకు 'ప్రాచ్యదేశపు ఇటాలియను' అను పేరు కలదని మనవారు సభలలో చెప్పుకొనుట పరిపాటి. రెండు భాషలలోను పదములు తఱచుగ అచ్చులతో ముగియుటచే కలిగిన పోలిక యది. పేరును మనము సంతోషముతో తీసికొంటిమి. ఆ భాష మాటలాడువారు తమ ఊళ్ళను, తమ పండుగలను, తమ రాళ్ళను ఎట్లు చూచుకొనుచున్నారో ఆ సంగతి మాత్రము తీసికొనలేదు. అందుచే మన సీమమాట ఎత్తుటకు ముందు, ఫ్లారెన్సు ముఖ్యపట్టణముగాగల తస్కనీ సీమనుండి మూడు సంగతులు చెప్పుదుము.

మొదటిది ఒక ఒడంబడిక. ఫ్లారెన్సు నేలిన మెడీచి వంశమునకు 1737లో మగసంతతి అంతరించి, రాజ్యము లొరేను వంశమువారి చేతికి పోయెను. ఆ యింటి కడపటి యాడుబిడ్డ ఆన్నా మరియా లూయీసా. తరతరములుగ తనవారు కూర్చిన చిత్రములు, విగ్రహములు, గ్రంథములు, రత్నములు అన్నియు ఆమె సొత్తు. వానిని ఆమె క్రొత్త రాజులకు ఒక నియమముతో ఒప్పగించెను: ఇందులో ఏ యొక్క వస్తువును నగరమునుండి దాటింపరాదు, అవి రాజ్యమునకు అలంకారముగను, ప్రజలకు ఉపయోగముగను, పరదేశీయులను రప్పించునవిగను ఇచ్చటనే యుండవలయును. రాజ్యము పోవుచున్నవేళ ఆ స్త్రీ ఆలోచించినది వస్తువులు ఉండు చోటునుగూర్చి. 1769లో ఉఫీజీ చిత్రశాల ప్రజలకు తెఱవబడెను. నేడు మా మిత్రుడు ఎండలో నిలిచినది ఆ స్త్రీ పెట్టిన నియమము చలువచేతనే.

రెండవది ఒక పండుగ. సియెనా నగరమున ఏటేట జూలై 2వ తేదీనను, ఆగష్టు 16వ తేదీనను ఊరినడుమ మైదానమున 'పాలియో' అను గుఱ్ఱపుపందెము జరుగును. ఊరు పదునేడు పేటలుగ విభాగింపబడియున్నది. ఒక్కొక్క పందెమున పది పేటల గుఱ్ఱములు మూడు చుట్లు పరుగెత్తును. పందెము ఒకటిన్నర నిమిషములో ముగియును. దానికొఱకు పేటలు ఏడాది పొడుగున బ్రదుకును. ప్రతి పేటకు తన జెండా, తన గుడి, తన విందు కలవు. పందెమునకు ముందు గుఱ్ఱమును గుడిలోనికి తీసికొనిపోయి ఆశీర్వదింతురు. ఇందు దోషము లేకపోలేదు. గుఱ్ఱములు పడి చచ్చినవి. జంతుకారుణ్యము గలవారు ఆక్షేపించుచునే యున్నారు. ఆ యాక్షేపణఫలముగ ప్రమాదకరమైన మలుపున గోడలకు పఱుపులు అమర్చుట మొదలగు కట్టుబాట్లు వచ్చినవి. పండుగ నిలిచినది, దోషము తగ్గుచున్నది.

మూడవది ఒక వఱద. 1966 నవంబరు 4వ తేదీన ఆర్నో నది పొంగి ఫ్లారెన్సును ముంచెను. చీమాబువే వ్రాసిన సిలువచిత్రము బురదపాలయ్యెను. గ్రంథాలయములలోని పుస్తకములు తడిసి ముద్దలయ్యెను. అప్పుడు ఇటలీనుండియే కాక పెక్కు దేశములనుండి పడుచువారు వచ్చి, చేతికి చేయి అందించుకొనుచు బురదలోనుండి పుస్తకములను పైకి తెచ్చిరి. వారిని 'బురదలోని దేవదూతలు' అని నేటికిని చెప్పుకొందురు. ఆ నగరమును చూచినవారు, చూడవలయునని కోరినవారు లోకమంతట నుండుటచేతనే పిలువకయే అంతమంది చేరిరి. కంటికి ప్రియమైనదానిని మనుష్యుడు చేతితో కాపాడును. మేము చెప్పదలచిన దంతయు ఈ మాటలోనే యున్నది.

ఇక మన సీమకు వత్తము. ముండ్లమూరునకు తూర్పున అద్దంకి. తొమ్మిదవ శతాబ్దమున పండరంగని శాసనము అచ్చట నిలువబడినది. నన్నయ పుట్టుటకు ముందే తెలుగుపద్యము తరువోజయందు నడకనేర్చినదని లోకమునకు చాటిన రాయి యది. ఆ యద్దంకియందే ప్రోలయవేమారెడ్డి కొలువున ఎఱ్ఱన కవిత్వము చెప్పెను. పడమట త్రిపురాంతకము, శ్రీశైలమునకు తూర్పువాకిలియని పేరుగన్న క్షేత్రము, కాకతీయుల కాలపు శాసనములకు నిలయము. ఆవల మార్కాపురము; విజయనగరకాలపు శిల్పులు చెన్నకేశవుని మండపమున రాతిస్తంభములను చెక్కిన చోటు. ఈ రెంటికిని ఇవతల, దొనకొండ చేరువను, గుండ్లకమ్మ గట్టున చందవరపు బౌద్ధస్తూపము. శాతవాహనుల కాలమున రెండంతస్తుల వేదికపై కట్టబడి, తరువాత మఱవబడి, 1964లో వేలూరి వేంకటకృష్ణశాస్త్రిగారిచే గుర్తింపబడి, 1970 తరువాతి త్రవ్వకములలో మరల వెలుగు చూచినది. కఱవుసీమయని పేరుపడిన ఈ నేల వానకు పేదదే గాని రాతికి పేద కాదు.

కళ చోటునకు మాత్రమే కాక ఋతువునకును కట్టుబడియుండును. ఈ సంగతి మనవా రెఱిగినంత తక్కినవా రెఱుగరని మా తలంపు. నన్నయ భారతమును శరత్కాలరాత్రుల వర్ణనమువద్ద విడిచెను. రెండుమూడు శతాబ్దములు గడచినపిమ్మట ఎఱ్ఱన దానిని శరత్కాలపు వేకువ వర్ణనముతో అందుకొనెను. ఋతువు మాఱలేదు, రాత్రి మాత్రము తెల్లవాఱినది. చదువురాని రైతు కూడ ఈ మర్యాదనే పాటించెను. పంట యింటికి వచ్చిన సంక్రాంతికి హరిదాసు, గంగిరెద్దు. మాఘమున శివరాత్రికి ప్రభలు. ఎండకాలపు తీఱికలో రథోత్సవములు, ఎడ్లపందెములు. వాన రానియేట తోలుబొమ్మలు. ఏ కళ ఎప్పుడు చూడవలయునో చెప్పుటకు అచ్చుకాగితము అక్కఱలేక పోయెను. పంచాంగమును పొలమును చెప్పుచుండెను.

శివరాత్రినాడు కోటప్పకొండకు పోయిన ప్రభలను తలచుకొనుడు. ఎనుబది, తొంబది అడుగుల ఎత్తున వెదుళ్ళతోను దూలములతోను కట్టి, గుడ్డలు, బొమ్మలు, దీపములు అమర్చి, త్రాళ్ళతో నిలబెట్టి, ఊరివారందఱు కలసి నడపించుకొని పోవు ఆ గోపురములను ఏ వాస్తుశాస్త్రజ్ఞుడు గీచియిచ్చెను? బరువెచ్చట పడవలయునో, గాలి ఎటనుండి కొట్టునో, త్రాడెవడు పట్టవలయునో తండ్రి కొడుకునకు చేతితో నేర్పిన విద్య యది. మఱుసటినాడు దానిని విప్పివేయుదురు. ఒక్క రాత్రికై కట్టబడు ఈ శిల్పమును కళయని మన విమర్శకులలో నెందఱు వ్రాసిరి?

తోలుబొమ్మలాట సంగతి మఱియు విచారణీయము. వానలు లేనప్పుడు విరాటపర్వము ఆడించినను చదివించినను వాన కురియునని మన పెద్దలు నమ్మిరి. వాన దానిచే కురియదు. ఈ మాట చెప్పుటకు సంస్కర్తలు వెనుదీయలేదు. మేమును మా విద్యార్థులకు ఈ మాటనే చెప్పుచున్నాము. అయినను ఒక ప్రశ్న కలదు. అక్షరము రాని ఊరు రాత్రి తెల్లవాఱులు కూర్చుండి, కీచకుని గర్వమును, ద్రౌపది కన్నీటిని, ఉత్తరుని బీరములను తెలుగున వినెను గదా? వాన రాలేదు; భారతము వచ్చినది. మనము తప్పుకారణమును కొట్టివేయుచు దానితోపాటు మంచిఫలమును కూడ కొట్టివేసితిమి. నేడు ఆ తోలుబొమ్మల పనితనమునకు గౌరవము లేకపోలేదు. నిమ్మలకుంట కళాకారులు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ బిరుదము వచ్చినది. కాని ఆ తోలు నేడు ఎక్కువగ పట్టణగృహములలో దీపముచుట్టు గవుసై వ్రేలాడుచున్నది. వెనుకటిదినములలో దీపము బొమ్మకొఱకు వెలిగెను. నేడు బొమ్మ దీపముకొఱకు ఉన్నది. పనివానికి కూడు దొరకుచున్నందుకు సంతోషింతము. కథ పోయినదని మాత్రము మఱవరాదు.

ఇట్లేల జరిగినది? నింద నంతటిని కాలముమీదికి త్రోయుట సులభము. మేము సంస్కరణపక్షమువారము గనుక మా పక్షపు లెక్కను మేమే చూచుకొనవలయును. వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించి వేశ్యల మేజువాణీలను ఖండించినప్పుడు, వారి కోపము స్త్రీని అమ్మకపువస్తువుగ చేసిన ఆచారముపైని. ఆ కోపము న్యాయమైనది. 1947లో మదరాసు రాష్ట్రమున దేవదాసీసమర్పణమును నిషేధించు చట్టము వచ్చుట న్యాయమైనది. ఒక్క బాలికనైనను ఆ బంధమునుండి విడిపించుటకు వేయి జావళులు పోయినను చింతలేదని ఎవడైన అనినచో మేము ఎదురుచెప్పము. కాని జావళులు పోనక్కఱ లేదు. విషము కలిసిన అన్నమును పాఱబోయుట వివేకము. పళ్ళెమును కూడ పాఱవేయుట తొందరపాటు. వెనుకటివారు పోరాడి దోషమును తీసిరి. తరువాతివారమైన మనము పోరాటము నేర్వలేదు. ఏవగింపును మాత్రము వారసత్వముగ పుచ్చుకొంటిమి. తిరునాళ్ళకు పోవువాడు మూఢుడు, పోనివాడు చదువుకొన్నవాడు అను లెక్క ఇండ్లలో స్థిరపడినది.

ఈ యేవగింపు లేని మనుష్యు డొకడు ఏమి చేయగలడో నటరాజ రామకృష్ణగారు (1923–2011) చూపిరి. సంఘము ముఖము త్రిప్పుకొన్న ముదుసలి నర్తకీమణుల నాశ్రయించి వారికి తెలిసిన అభినయమును ఆయన సేకరించెను. పాలంపేట రామప్పగుడి శిల్పములను, పదుమూడవ శతాబ్దమున జాయపసేనాని వ్రాసిన నృత్తరత్నావళిని ప్రక్క ప్రక్కన పెట్టుకొని, నిలిచిపోయిన పేరిణీనృత్యమును మరల నడపించెను. ఆ గుడిని ఏడువందల యేండ్లు ఎందఱో దర్శించిరి. రాతిలో అడుగుల లెక్క యున్నదని చూచినవాడు ఆయన. చూచుటచే ఒక నృత్యము బ్రదికినది. సంస్కర్తకు కళతో పగలేదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

ఇప్పటి తిరునాళ్ళు రోతగ నున్నవని చదువుకొన్నవారు చెప్పుచున్నారు. చెవులు చిల్లులుపడు మైకులు, ప్రభలముందు రికార్డింగు డ్యాన్సులు, ఆడువారిని వెకిలిగ చూచు మూకలు, నాయకుల నిలువెత్తు బొమ్మలు, దేవుని మొగముకంటె తన మొగమునే సెల్‌ఫోనులో చూచుకొను భక్తులు! నిజమే. కాని ఆ చోటును మూకకు వదలినవారెవరు? ఇల్లు విడిచిపోయినవాడు ఇంట బూజు పట్టినదని ఆక్షేపించుట చిత్రముగ లేదా? ఎడ్లపందెమునే చూడుడు. పాలపండ్లు, రెండు పండ్లు, నాలుగు పండ్లు, ఆరు పండ్లు అని వయస్సునుబట్టి జతలను విభాగించి, నిర్ణీతకాలములో బండను ఎంతదూరము లాగెనో కొలిచి బహుమాన మిత్తురు. ఒంగోలుజాతి గిత్త యందము, రైతు పెంపకపు నేర్పు అచ్చట కనబడునట్లు మఱియొకచోట కనబడవు. ఎద్దును హింసించువా డచ్చట నుండిన, హింస కూడదని చెప్పువాడు కూడ అచ్చటనే యుండవలయును. సియెనావారు మలుపున పఱుపులు కట్టిరి. మనము ఇంట కూర్చుండి పత్రికలకు వ్రాసితిమి.

వేఱొక యాక్షేపణ మింతకంటె బలమైనది. "ఈ గుళ్ళు, ఈ యుత్సవములు మనలో సగముమందిని వాకిటనే నిలిపినవి గదా! అట్టి రాళ్ళ యందమును పొగడుమనుచున్నారా?" అని కొందఱు అడుగుదురు. ఈ ప్రశ్న అడుగుటకు వారికి హక్కు కలదు. దానికి తలవంచుటయే మొదటి సమాధానము. రెండవ సమాధానము చరిత్రలో నున్నది. మదరాసు రాష్ట్రమున 1947లోనే ఆలయప్రవేశ చట్టమును వచ్చినది. మూసిన తలుపులను తెఱపించినది సంస్కరణమే. తెఱపించిన పిమ్మట లోనికి పోయి, ఆ స్తంభమును చెక్కిన చేయి ఎవరిదని అడిగి, చెక్కినవాని మనుమనికి దానిని చూపుట మిగిలినది. ఉలి పట్టినవాడు, ప్రభ కట్టినవాడు, తోలు పదును చేసినవాడు, డప్పు కొట్టినవాడు, వీరెవరును అగ్రహారములవారు కారు. కళను చూడకుండుట వారి శ్రమను రెండవసారి వాకిట నిలుపుటయే యగును.

చూడనిదానికి ఏమగునో చెప్పి ఈ విచారమును ముగింపవలెను. బుద్ధుని ఆరాధించు భక్తులను చెక్కిన మూడవ శతాబ్దపు సున్నపురాతి శిల్పమొకటి చందవరమున నుండెను. దానిని దొంగలు తీసికొనిపోయిరి. అది సముద్రములు దాటి అంగడికెక్కెను. 2005లో ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాల దానిని ధనమిచ్చి కొనెను. దొంగసొత్తని తేలినపిమ్మట 2016లో భారతదేశమునకు తిరిగి యిచ్చివేసెను. ఈ సంగతి మొదట తెలిసినప్పుడు మాకు కలిగినది కోపము కాదు, సిగ్గు. కొన్న దేశము వారు దానిని గాజుపెట్టెలో నుంచి, దీపము పెట్టి, చుట్టును నిలిచి చూచిరి. అది పోకముందు దానిని చూచుటకు మా పాఠశాలనుండి ఒక్క తరగతియైనను పోలేదు. ఉపాధ్యాయులమైన మేమును పోలేదు. దొంగ చీకటిలో వచ్చునందురు. ఆ చీకటిలో కొంత భాగము మనము చూడకపోవుటయే. ఏటేట నూఱు కుటుంబములు వచ్చి, ఒక్కొక్క ఫలకమును పేరుపెట్టి గుర్తించు చోట రాయి కదలిన మఱునాడే కేక పుట్టును. కావలివాడు ఒకడు నిదురించిన నిదురించుగాక. వేయి కన్నులు ఒక్కసారి నిదురింపవు.

మెడీచి కన్య ఒడంబడిక వ్రాయించెను. మన సీమకు అట్టి రాణి లేదు. అందుచే ఆ యొడంబడిక ఇంటింట వ్రాసికొనవలసినది. మేము కోరునది పెద్ద వ్యయము గాదు. ప్రతి కుటుంబమును ఏడాదికి రెండు పయనములు పెట్టుకొనవలయును: ఒకటి రాతికి, ఒకటి ఋతువునకు. రాతికి పోవునాడు ఉత్సవదినము కాని నాడు, ఉదయపు ఎండ ఏటవాలుగ పడునప్పుడు పోవలయును. ఉలిగీతలు అప్పుడే కనబడును. గుడి యంతయు చూడబోక ఒక్క స్తంభమునకు ఎదుట అరగంట కూర్చుండవలయును. ఋతువునకు పోవునాడు ఆడవారిని, ముసలివారిని, పిల్లలను వెంటబెట్టుకొని పోవలయును. గౌరవముగల కుటుంబములు ముందువరుసను కూర్చున్నచోట వెకిలి ఆట చాలసేపు నిలువదు. ఆడినవానికి, కట్టినవానికి ఆ చోటనే చేతిలో డబ్బుపెట్టి, పేరడిగి రావలయును.

ఆ సాయంకాలమునకు పిమ్మట మా మిత్రుని తీసికొని మేము చందవరము పోయితిమి. తరగతిపిల్లలు కొందఱు వెంట వచ్చిరి. మార్కాపురపు రాతితో చేసిన పలకలు వారి చేతుల నుండెను. చూచినదానిని గీయుడని చెప్పితిమి. ఒక బాలుడు స్తూపము చుట్టును మూడుసార్లు తిరిగి, కూర్చుండి, గీచి, చెరిపి, మరల గీచెను. పలక చూపినప్పుడు అందులో స్తూపము వంకరగ నుండెను. వేదిక అంతస్తులు మాత్రము రెండును సరిగ నుండెను. మా మిత్రుడు ఆ పలక చేతికి తీసికొని చాలసేపు చూచి, ఆ బాలునితో, "నేనింకను లెక్కపెట్టలేదు సుమా!" అనెను. పిమ్మట లేచి తానును వేదిక చుట్టును తిరుగుటకు పోయెను.